రత్నానికి చెప్పని వాక్యం

ఈ మాటను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. ఒంట్లో ఈ అలసట వయసు వల్ల వచ్చిందనుకునేవాణ్ణి. కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రత్నమూ నేనూ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్సులో పక్కపక్క ఇళ్ళలో పెరిగాం. ఇద్దరం గణితమే చదివి, ఒకే గైడు దగ్గర పరిశోధనకు చేరాం. ఏ సమితిని మెట్టుమెట్టుగా వర్ణించగలం, ఏది వర్ణనకు లొంగదు అన్నది మా విషయం. తలం మీద చక్కగా వర్ణించగలిగిన ఆకారానికి కూడా, ఒక గీత మీద పడే నీడ వర్ణనకు అందకుండా పోవచ్చు. ఏ ఆకారాల నీడ అలా చేజారదు? రత్నం ఒక కొత్త రకం ఆకారాలకు దాన్ని నిరూపించింది. గైడుకు చూపించే ముందు నాకు చూపించింది. నాకే ఎందుకు? నమ్మింది కనుక.

వాళ్ళ వరండాలో కూర్చుని చదివాను. ఒకచోట ఆమె ప్రతి నిలువు గీత మీదా ఒక బిందువును తీసుకుంది.

"ఏ బిందువుని తీసినావు? ఎలా తీసినావో వర్ణించలేకపోతే ఇదంతా తెగిపోతాది" అన్నాను.

రత్నం ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "అయితే ఇన్నాళ్ళూ నాను సేసిందేటి?"

ఆ లోటు ఇక పూడదనే అనుకుని ఇంటికి వచ్చేశాను. అక్కడిదాకా నాది పొరపాటే.

మర్నాడు పొద్దున సుభాష్‌పల్లి బజారులో కూరలు కొంటుంటే తట్టింది. ఆమె తీసుకున్న రకం ఆకారాల్లో ప్రతి నిలువు గీత మీదా ఉన్న ముక్క అంచులతో సహా ఉంటుంది, హద్దు దాటదు. అంటే దానికి అట్టడుగు బిందువు తప్పకుండా ఉంటుంది. దాన్నే తీసుకుంటే సరి, దాన్ని వర్ణించవచ్చు. ఒక్క వాక్యం చేరిస్తే నిరూపణ నిలబడుతుంది.

సంచీతోనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. తలుపు ఆయనే తీశారు.

"రా బాబూ. రత్నం పరిశోధన మానేస్తానంది. బడిలో లెక్కల టీచరుగా సేరిపోతాదట. రేత్రంతా ఏడిసి ఇప్పుడే పడుకుంది. లేపమంటావేటి?"

"వద్దు మావయ్యా. ఊరికే వచ్చినాను."

ఆ మాట నోట ఎలా వచ్చింది? నాకు అప్పటికి ఏ ఫలితమూ చేతికి రాలేదు, గైడు నన్ను చూసి నిట్టూర్చే రోజులవి, ఆమె ముందుకు వెళ్ళిపోతే ఆయన కళ్ళకు నేను ఇంకా చిన్నవాణ్ణి అయిపోతానని భయపడ్డానా, లేక ఆమె ఓడిపోయిందని విన్నప్పుడు నాలో ఏదో హాయిగా కదిలిందా? రెండూ. రెండోదే ఎక్కువ.

రేపు చెబుదామనుకున్నాను. ఆమె బడిలో చేరింది. నేను లెక్చరర్నయ్యాను. కొన్నేళ్ళకు ఆ సిద్ధాంతాన్ని ఎక్కడో మరెవరో నిరూపించారు. ఇప్పుడది పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఏటా నేనే బోధిస్తాను. "అట్టడుగు బిందువు తీసుకోండి" అంటే పిల్లలు తల ఊపి రాసుకుంటారు. అంత సులువు.

పోయిన నెల రత్నం రిటైరయింది. ఆమె ఇంటికి వెళ్ళి, కూర్చోకుండానే అంతా చెప్పేశాను.

"నీకెప్పుడు తెలిసినాది?" అని అడిగింది.

"మర్నాడే."

"ఆ రోజు ఇంటికొచ్చినావట. నాన్న సెప్పినాడు. ఓదార్సడానికి వచ్చినావనుకున్నాను, ఇన్నాళ్ళూ."

క్షమించమని అడగలేదు నేను. అడిగే ముఖం లేదు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

అప్పటి నుంచి నాకు నిద్ర పడుతోంది. ఆమెకు పడుతోందో లేదో తెలియదు.