రాధాబాయి చెప్పిన రైట్

రాధాబాయి కండక్టరుగా చేరిన మొదటి రోజు జనగామ బస్టాండులో బస్సు ఎంతసేపటికీ కదల్లేదు. ఆమె "రైట్" అన్న మాట నిజమే, కానీ పక్కనున్న ముసలమ్మకు కూడా వినబడనంత మెల్లగా అన్నది. పాలకుర్తి దగ్గరి తండాలో పుట్టి, ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగింది. నిండు బస్సులో ఇంగ్లీషు ముక్క అరవాలంటే సిగ్గు ముంచుకొచ్చింది.

డ్రైవర్ కట్టయ్య వెనక్కి తిరిగాడు. "చెల్లే, నువ్వు ఒర్రకపోతే నా బండి కదల్ది. జర గొంతు తియ్యి!"

ఆ తీసిన గొంతు పద్నాలుగేళ్లు ఆగలేదు. చిన్నప్పుడు పలక మీద పంతులు గీసిన రైటు చూసి మురిసిన రాధాబాయికి, ఆ మాటకు ఇన్ని కొలువులున్నాయని బస్సెక్కాకే తెలిసింది. ఇరుకు సందులో బండి వెనక్కి పోతుంటే "రైటుకు కొయ్యన్నా" అనేది. సీటు పంచాయితీ తెగితే "ఇగ రైట్ తియ్యి" అని జనమే సర్దుకునేవారు. పొద్దుగూకి డిపోలో దిగాక కట్టయ్య తువాలు దులిపి, "రైట్ మరి, పొద్దుగాల కలుద్దం" అనేవాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. పాలకుర్తి చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి ముందు రాధాబాయి అన్నం కలుపుతోంది. కాలేజీ సారు వెంకట్రాం మైకులో "తెలంగాణ మన రైట్!" అన్నాడు.

ఆయన దిగి రాగానే అడిగింది. "సారూ, గా రైట్ అంటే ఏంది?"

"హక్కు అక్కా."

"నేను బండికి చెప్పేది, గిది, ఒక్కటే మాటనా?"

"ఒక్కటే."

ఆమె గరిటె పక్కన పెట్టేసింది. ఎవరెవరి ప్రయాణాలకో రోజుకు వందసార్లు అన్నది, తన కోసం ఒక్కసారీ అనుకోలేదు.

నువ్వూ నాలుగు మాటలు చెప్పమని సారు మైకు చేతికిచ్చాడు. ఎదురుగా అంతమంది జనం. చివరికి నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"రైట్... రైట్!"

జనం గొల్లున నవ్వారు. కట్టయ్య మాత్రం నవ్వలేదు. జెండా భుజానేసుకుని లేచి ముందుకు నడిచాడు. వెనక తోటి డ్రైవర్లు, ఆడవాళ్లు, ఆటోలవాళ్లు కదిలారు. ఊరేగింపు ఊరి చివరిదాకా పోయింది. పొయ్యి మీది అన్నం మాడిందని ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు.

తర్వాత కట్టయ్య రిటైరై, భూపాలపల్లి గనుల క్వార్టర్లలో ఉండే కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. రాష్ట్రం వచ్చిన నాడు పొద్దున్నే రాధాబాయి డ్యూటీలోంచే ఫోను చేసింది. ఆయన గొంతు బాగా సన్నబడింది.

"బండి నిండిందా చెల్లే?"

"కాలు వెట్ట సందు లేదన్నా. అందరు పాడుకుంట పోతున్రు."

"జర ఫోను గట్లనే పట్టు. గా పాట ఇంటా," అన్నాడాయన.