అరచేతి కింద పేరా

ఎవరు పేరా రాసి తెచ్చినా టీచరమ్మ మొదటి వాక్యం మాత్రం వదిలి, మిగతాదంతా సుద్దపొడి అంటిన అరచేత్తో మూసేస్తుంది. ఆ ఒక్క వాక్యమూ చదివి, చేతి కింద ఏముందో ఊహించి చెబుతుంది. ఊహకు అందకపోతే పేరా మళ్లీ రాయాల్సిందే. ‘వాన గురించి అందరికీ తెలుసు’ అని ఒకడు మొదలెడితే, "తెలిస్తే ఇంకెందుకురా రాయడం!" అని పకపకా నవ్వింది. ‘వానొస్తే మా ఇంట్లో గొడవే’ అని వెనకబెంచీ పిల్ల రాస్తే మాత్రం ఎగిరి గంతేసినంత పనిచేసింది. "గొడుగు ఒక్కటే ఉంది కదూ!" చెయ్యి తీసి చూస్తే, అదే.

కూతుర్ని పురిటికి చేర్చిన ఆసుపత్రి నుంచి ఆవేళ అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, పొద్దున్నే టాక్సీ దొరక్క..."

"మొదటి వాక్యం, బాబూ!"

"ఆడపిల్లండీ!"

ఇక టీచరమ్మ కాళ్లు నేలమీద ఆనలేదు. ఒక చెప్పు స్టాఫ్‌రూంలోనే వదిలేసి క్లాసులోకి పరిగెత్తింది. "పిల్లలూ, పొద్దున్నే టాక్సీ దొరకలేదట. మా అల్లుడికి అసలే కంగారు. ఆసుపత్రిలో లిఫ్టేమో..."

"టీచర్, మొదటి వాక్యం!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

చెబుదామని నోరు తెరిచింది. నవ్వో ఏడుపో తెలియనిదేదో తన్నుకొచ్చింది. సుద్దపొడి చేత్తోనే ముఖం మూసేసుకుంది.

గొడుగు పిల్ల మెల్లిగా లేచి నిలబడి, ఆ చేతి వంక పరీక్షగా చూసింది.

"మనవరాలు కదూ, టీచర్!"