అద్దానికి అంటుకున్న సుమిత్ర

నర్సింగం పిరికివాడు. ఇది నేను కల్పించి అంటున్న మాట కాదు, కోరుట్లలో ఎవరినడిగినా నవ్వుతూ ఇదే చెబుతారు. కల్లు గీసే ఇంట్లో పుట్టి, నడుముకు మోకు కట్టుకుని నాలుగు బారలు ఎక్కేసరికి కాళ్ళు వణికి కిందికి దిగినవాడు. "చెట్టును చూస్తెనే వణికేటోడు కల్లేం గీస్తడు?" అని తండ్రి నలుగురిలో అనేసరికి, నేల మీద నిలబడి చేసే పని వెతుక్కుని ఫొటో స్టూడియోలో చేరాడు.

భయం అక్కడికీ వెంట వచ్చింది. రీలు కడిగేదాకా అందులో మనుషులున్నారో, ఉత్త నలుపే ఉందో దేవుడికే తెలియాలి. ఎర్రబల్బు వెలుగులో, మందునీళ్ళలో ముంచిన తెల్లకాగితం మీద ముందు కళ్ళు, తర్వాత మూతి, ఆపైన జడ తేలి వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు. తేలాక మాత్రం అతనంత సంతోషపడేవాడు ఇంకొకడు ఉండేవాడు కాదు. రంగులొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి, చీకటిగదిలో బియ్యం బస్తాలు చేరాయి. అయినా అరవై రెండేళ్ళ వయసులో, ఎవరైనా నలుపు తెలుపు ఫొటో తెస్తే అన్నం ముందునుంచి కూడా లేచి వస్తాడు.

మొన్న అలా తెచ్చినావిడ రాయికల్ మొగిలవ్వ. బీడీలు చుట్టుకుని బతికే మనిషి, అతనికంటే నాలుగేళ్ళు పెద్ద. బట్టలో చుట్టి తెచ్చిన పటాన్ని బల్లమీద పెట్టింది. తొమ్మిదేళ్ళకే మెదడువాపు జ్వరంతో పోయిన ఆమె కూతురు సుమిత్ర ఫొటో. తీసింది నర్సింగమే, రాయికల్ అంగడిలో తెర కట్టి. కెమెరాకు భయపడి పిల్ల ఏడుస్తుంటే తల్లి పక్కనుంచి భుజం మీద చెయ్యి వేసింది. ఫొటోలో మొగిలవ్వ లేదు, గాజులున్న ఆ చెయ్యి మాత్రం ఉంది. అది ఒక్కటే ఫొటో.

ఇప్పుడు పిల్ల ముఖమంతా తడిమరక.

"ఏటేటా పెత్రమాసకు పటం కడిగి బొట్టు పెట్టిన తమ్మీ. ముప్పై ఎనిమిదేండ్ల సంది ఒక్కేడు తప్పలే," అంది మొగిలవ్వ.

నర్సింగం పటాన్ని తిప్పి చట్రం అంచులు చూశాడు. పోయినవాళ్ళ పండగకు ప్రేమగా కడిగిన ఆ నీళ్ళే చట్రం సందుల్లోంచి దిగి ఫొటోను అద్దానికి అతికించేశాయి. ఆ మాట ఆమెతో ఎలా అనడం?

"జగిత్యాలకు సుత పోయిన. కంప్యూటర్ల సక్కగ చేసిస్తమన్నరు. గిది చూడు." కొంగుముడిలోంచి ఇంకో ఫొటో తీసింది. ఎర్ర గౌను, తెల్లటి ఒళ్ళు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. "గీ పిల్ల ఎవలు తమ్మీ? నా బిడ్డ ఎప్పుడు గిట్ల నవ్వింది? నా చెయ్యి సుత తీసేసిండ్రు. నీ దగ్గర రీలు ఉండాలె గదా?"

అతను భయపడింది ఆ ప్రశ్నకే. కొత్త కెమెరా కొన్న ఏడాది, చోటు చాలడం లేదని పాత రీళ్ళన్నీ సంచుల కొద్దీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. "లేదక్కా," అన్నాడు తల దించుకుని.

ఇక ఒకటే దారి, అద్దంతో సహా నీళ్ళలో నానబెట్టడం. కంప్యూటర్ ఫొటో అయితే రంగు కారిపోతుంది. పాత నలుపు తెలుపు ఫొటో నీళ్ళలోనే పుట్టింది, నీళ్ళను ఓర్చుకుంటుంది. కానీ ఒకసారి సిరిసిల్ల మగ్గాల కార్మికుడొకడు ఇలాగే అంటుకున్న తండ్రి ఫొటో తెస్తే, నర్సింగం తొందరపడి లాగాడు. ముఖం ముక్కలై అద్దం మీదే ఉండిపోయింది. ఆ కొడుకు అద్దాన్ని బట్టలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆనాటినుంచి ఆ పని జోలికి పోలేదు.

"నాతోని కాదక్కా. భయమైతుంది. ఉన్నది సుత పోతది."

"నాకూ భయమే. గని గిట్లనే ఉంటె వచ్చే పెత్రమాసకు బిడ్డ అసలే కనవడది. తీసినోనివి నువ్వే, నువ్వే విడిపియ్యి."

పళ్ళెంలో నీళ్ళు పోసి పటాన్ని దించాడు. గంట గడిచింది. రెండు గంటలయ్యాయి. బెంచీ మీద కూర్చున్న మొగిలవ్వ ఒడిలో చేట లేకపోయినా వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి. చివరికి ఒక అంచు కదిలింది. నీళ్ళలోనే వెంట్రుకవాసి చొప్పున కాగితాన్ని విడదీస్తూ ముఖం దగ్గరికి వచ్చేసరికి నర్సింగం చేతులు ఆగిపోయాయి. తాటిచెట్టు మీద వణికిన కాళ్ళు గుర్తొచ్చాయి. అప్పుడంటే దిగిపోయాడు, ఇప్పుడు దిగడానికి లేదు.

కళ్ళు వచ్చాయి. మూతి వచ్చింది. జడ వచ్చింది. ఏడుపు ఆపుకుంటున్న సుమిత్ర మొత్తంగా కాగితం మీద మిగిలింది. భుజం దగ్గర మాత్రం పొర చిరిగింది. తల్లి చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది.

మొగిలవ్వ బిడ్డను చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి, "నా చెయ్యేది తమ్మీ?" అంది. అతను అద్దం చూపించాడు.

"అయ్యో, ఒక్కతే నిలవడ్డది. భయపడ్తది గదా."

నర్సింగం కాగితాన్ని, అద్దాన్ని పక్కపక్కన పెట్టాడు. రెండింటినీ ఆరబెట్టాడు. మళ్ళీ అంటుకోకుండా అంచుల వెంట అట్టముక్కలు పెట్టి, పైన ఆ పాత అద్దాన్నే బిగించాడు. చెయ్యి వచ్చి సరిగ్గా పిల్ల భుజం మీద నిలిచింది.

"ఇగ నీళ్ళతోని కడగకక్కా. పైనపైన పొడిబట్టతోని తుడువు."

"కడగ," అంది మొగిలవ్వ పటాన్ని గుండెకు ఆనించుకుని. "బస్సుల కుదుపులకు చెయ్యి జరగదు గదా తమ్మీ?"

"జరగదక్కా," అన్నాడు. అన్నాడే గానీ స్టూడియోకు తాళం వేసి, పటాన్ని రెండు చేతులా పట్టుకుని, రాయికల్ బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాడు.