మానుకోట సారు పూల పత్రికలు

1978 వానాకాలం. జనగామ స్టేషన్ రోడ్డులో నాది చిన్న బైండింగ్ దుకాణం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డప్పుడు చదువు వదిలి ఈ పనిలో చేరినవాణ్ని. తొమ్మిదేళ్లలో పని వచ్చింది, దాంతోపాటు నాకు తెలియనిది లేదన్న పొగరూ వచ్చింది.

ఒక ఉదయం రాఘవరెడ్డి సారు దగ్గర నుంచి కబురొచ్చింది, వెంటనే మానుకోటకు రమ్మని. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ అలాగే అంటారు. సారు వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. పాత ఇంగ్లీషు తోటల పత్రికలు సేకరించడం ఆయనకు పిచ్చి. నూరేళ్ల కిందటి నెలవారీ సంచికలు, వాటిలో చేత్తో రంగులద్దిన పూల బొమ్మలు. హైదరాబాదు సందుల్లో ఏరుకొచ్చి, ఏడాదికొక సంపుటం చొప్పున నాచేత కుట్టించుకునేవారు. ఆ బొమ్మల కాగితాలను మేం ప్లేట్లు అంటాం. వాటిని విడిగా అచ్చువేసి సంచికలో పెట్టేవారు. ప్లేట్లు పోతే ఆ సంపుటానికి విలువ లేనట్టే.

పాసింజరు రైలు దిగి వెళ్లేసరికి సారు వరండాలో సంపుటం పట్టుకుని కూర్చున్నారు.

"ఐదేండ్ల కింద నువ్వు కుట్టినదే గిది. మొన్న దోస్తుకు చూపిద్దామని మొదటిసారి తెరిస్తే పదకొండు బొమ్మలు లేవు. దొంగ ఎవడో నాకెరికే. నిన్న వారం అంగడిల పది మంది ముంగటనే వాణ్ని దొంగ అని నిలదీసిన. ఎట్ల తీసిండో నువ్వు చెప్పు, పోలీసులకు అప్పజెప్త" అన్నారు.

ఆయన చూపించిన వైపు, మెట్ల కింద భీమ్లా నిలబడి ఉన్నాడు. గూడూరు దగ్గరి లంబాడీ తండా మనిషి, నలభై ఏళ్లుంటాయి. సారు గులాబీ తోట చూసేదీ, పుస్తకాల దుమ్ము దులిపేదీ అతనే. నాకు బాగా తెలిసినవాడే.

నేను పుటల మధ్య వేలు పెట్టి చూశాను. బ్లేడుతో కోస్తే కుట్టు పక్కన సన్నటి పట్టీ మిగులుతుంది, దాన్ని స్టబ్ అంటాం. పీకేస్తే జిగురు దగ్గర కాగితం చిరుగుతుంది. ఇక్కడ రెండూ లేవు. తడిపిన దారం లోపల పెట్టి, జిగురు నానాక కాగితాన్ని ఆనవాలు లేకుండా తీసే ఉపాయం ఒకటుంది. పుస్తకాలు మోసుకొచ్చి నా దుకాణంలో గంటల తరబడి కూర్చుని పని చూసింది భీమ్లాయే. నా అనుమానం గట్టిపడింది. తండా మనిషి కాబట్టే అంత తొందరగా గట్టిపడిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

"తడిదారం సంగతి నీకెరికే గదా?" అని నిలదీశాను.

"ఎరికే అన్నా. నువ్వే చూపిచ్చినవ్."

"మరి బొమ్మలెవరికిచ్చినవ్?"

"విడి కాగితాలప్పుడు చూసిన ఆ బొమ్మలు. ఒకటైతే మోదుగుపువ్వు లెక్క ఎర్రగ ఉండె. నీ దగ్గర కుట్టిచ్చి తెచ్చినంక మళ్ల చూడలే."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?" సారు గద్దించారు.

"దుమ్ము దులుపుమంటె పుస్తకం తెరిచి చూస్తున్నవా అని తిడ్తరనుకున్న సారూ."

నేరం నా మీదికి తోస్తున్నాడని నాకు ఒళ్లు మండింది. సంపుటం టప్పున మూశాను. వాన చెమ్మకు అట్ట ఉబ్బి, ఒక మూల విచ్చుకుని ఉంది. ఆ పొరల మధ్య గోరంత ఎరుపు కనిపించింది.

అది అక్కడికెలా వచ్చిందో నాకు తెలిసిపోయింది. ఆ రోజుల్లో మంచి అట్ట దొరకక మేమే తయారు చేసుకునేవాళ్లం. పత్రికలు కుట్టేటప్పుడు పై కవర్లు, ప్రకటనలు తీసేయడం మా ఆనవాయితీ. ఆ కాగితాలనే మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి ఎండబెడితే అట్ట అయ్యేది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పుట అంకె ఉంటే ఉంచడం, లేకపోతే తీసేయడం, అంతే నాకు తెలిసింది. మిగతా సంపుటాల ప్లేట్ల మీద అంకెలుండేవి. ఆ ఏడాది వాటికి వేయలేదు కాబోలు. విత్తనాల ప్రకటనల్లోనూ పూలే ఉండేవి, అవీ ఇవీ ఒకటే అనుకుని ఉంటాను.

ఎవరూ చూడలేదు. సిగ్గుతోనే చెబుతున్నా, ఆ మూల మీద బొటనవేలు పెట్టి దాచాను. నోరు మూసుకుంటే నా దుకాణం పేరు నిలుస్తుంది, భీమ్లా ఠాణాకు పోతాడు. అతను నా వైపు చూడటం కూడా లేదు. వానకు వాలిన గులాబీ కొమ్మకు దారంతో పుల్ల కడుతున్నాడు. అంత జరుగుతున్నా ఆ చెట్టును పట్టించుకుంటున్న మనిషిని చూశాక నా వేలు నిలవలేదు.

"సారూ, ఓ తాంబాళంల నీళ్లు తెప్పియ్యుండ్రి" అన్నాను.

అట్టలు రెండూ విప్పి నానబెట్టాను. పొర తర్వాత పొర విడిపోతుంటే పూలు బయటికొచ్చాయి. పదకొండూ ఉన్నాయి. నాలుగింటి రంగు నీళ్లలో కారిపోయింది. "ప్రకటనలనుకుని నేనే అట్టల అంటించిన సారూ" అని ఒప్పుకున్నాను. సారు బొమ్మలు ఏరుకుంటూ, "సరే తీయ్ భీమ్లా, పోయి పని చూస్కో" అన్నారు.

భీమ్లా కదలలేదు. "అంగడిల దొంగ అన్నవ్ సారూ. దొంగ గాదన్న మాట సుత గక్కడనే చెప్పు."

"పిచ్చోడా" అని నవ్వేసి సారు లోపలికి పోయారు. భీమ్లా చేతిలోని దారం కింద పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ తోటలో అడుగు పెట్టలేదు.

అప్పటి నుంచి ఏ పుస్తకంలో పుట తగ్గినా ముందు నా చేతులనే అనుమానిస్తాను. కానీ ఆ రోజు సారు వరండాలో ఒప్పుకుంటే నా పని అయిపోయిందనుకున్నాను. అవలేదని రైలెక్కాక అర్థమైంది. మరుసటి వారం అంగడి రోజున మళ్లీ మానుకోట పోయి, చాయ్ హోటల్ ముందు నిలబడి, "సారు బొమ్మలు తీసింది నేను, భీమ్లా కాదు" అన్నాను. కొందరు నవ్వారు. పొద్దున్నే తాగినవా అని ఒకరన్నారు. తండా వాళ్ల మధ్య నిలబడి వింటున్న భీమ్లా ముందుకొచ్చాడు.

"ఇంకోపారి చెప్పన్నా. ఎనకున్నోళ్లకు ఇనవడలే" అన్నాడు.

మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా.