కొండ మీద మోగిన యాదమ్మక్క బకెట్

దయ్యాల కథలు మొదలుపెడితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే. చిన్నప్పుడు మా పిన్ని పాడుబడ్డ రైసు మిల్లు గురించి చెప్పి బెదిరించబోతే, ఆ మధ్యాహ్నమే ఒక్కదాన్నే ఆ మిల్లులోకి వెళ్లి ఒక కునుకు తీసి వచ్చాను. ఇప్పుడూ నమ్మను. పైగా నేను చెప్పబోయే సంగతిలో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. ఉన్నది మా యాదమ్మక్క. ఆమె నిక్షేపంగా ఉంది. మెట్ల మీద చెప్పులు అడ్డంగా విడిచానని నిన్న కూడా నా మీద కేకలేసింది.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు మాట. మాది గుడివాడ వైపు. మావారికి ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థలో ఉద్యోగం కావడంతో నాచారంలో ఒక ఇంటి మేడ మీద అద్దెకు దిగాం. కింద పోర్షన్‌లో యాదమ్మక్క ఉండేది. జనగామ నుంచి వచ్చి, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది.

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వచ్చేవి. వచ్చిన కాసేపట్లో పట్టుకోకపోతే అంతే సంగతులు. గొట్టంలో గాలి గుర్రుమనే చప్పుడు అందరికంటే ముందు ఆమెకే వినపడేది. వెంటనే మెట్లెక్కి వచ్చి, మా తలుపు ముందు నిలబడి స్టీలు బకెట్‌ను చెంబుతో కొడుతూ అరిచేది.

"నల్లా వచ్చింది, లెవ్వుండ్రి! చెల్లె, లెవ్వు!"

ఆ గొంతు వింటే చాలు, నా ఒళ్లు దానంతటదే లేచేది. కళ్లు మూసుకునే గడియ తీసి, బిందె చంకన పెట్టుకుని దిగేదాన్ని. సగం నీళ్లు పట్టాక గానీ మెలకువ వచ్చేది కాదు.

ఆ యేడు మావారు ప్రయాణ ఖర్చులు ఆఫీసే ఇచ్చే ఎల్‌టీసీ సెలవు పెట్టారు. ఆఫీసులో అందరూ కాశ్మీరో ఊటీయో అంటుంటే, ఈయన కుమావూ కొండల్లో ఎవరికీ తెలియని చిన్న ఊరొకటి పట్టుకొచ్చారు. సికింద్రాబాద్‌లో రైలెక్కి, ఢిల్లీలో మారి, ఆఖరున జీపులో వాంతులు చేసుకుంటూ చేరాం. ఒక చిన్న బజారు, దేవదారు చెట్లు, దూరంగా మంచు కొండలు, అంతే ఊరు. మేం దిగిన చెక్క బంగళాలో వంటా కాపలా రెండూ దీవాన్ సింగ్ అనే పెద్దాయనే చూసుకునేవాడు. మా హైదరాబాదీ హిందీ అర్థం కాకపోయినా పాపం మర్యాదగా తల ఊపేవాడు.

మేం అక్కడ ఉండగానే మా అమ్మాయి చిన్నికి ఆరేళ్లు నిండాయి. పుట్టినరోజంటే తలంటు పోయాల్సిందే కదా! "ఈ చలిలో ఎందుకే, ఇంటికెళ్లాక పోద్దువుగాని" అని మావారు మొత్తుకున్నారు. నేను వింటానా? కుంకుడుకాయ పొడి నాచారం నుంచి మోసుకెళ్లాను మరి. తలంటు అయ్యాక గుర్తొచ్చింది, ఎండ లేదని. కిటికీ బయట తెల్లగా పొగమంచు. దానిది నడుము దాకా జుట్టు. అప్పటికే దగ్గుతోంది.

ఇంట్లో అయితే ఏం చేస్తాం? కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పిల్లకు గాలి తగలకుండా తలుపులు మూసి, జుట్టు ఆరబెడతాం. మా అమ్మ నాకు అలాగే చేసేది. దీవాన్ సింగ్‌ను నిప్పులు అడిగితే ఇనప కుంపటి నిండా బొగ్గులు రాజేసి తెచ్చాడు. కిటికీ తెరిచే ఉంచమని మరీ మరీ చెప్పాడు. సరేనన్నాను. ఆయన వంటింట్లోకి వెళ్లగానే కిటికీ బిగించి, తలుపు కింద ఉన్న ఆ కాస్త సందులోనూ నా శాలువా దూర్చాను. మన ఇళ్లలో ఎన్ని తలుపులు మూసినా ఏ వెంటిలేటర్లోంచో గాలి వస్తూనే ఉంటుంది. ఆ గది చలికి భయపడి కట్టిన గది. ఆ తేడా నాకు తట్టనే లేదు.

మావారు మిఠాయి తెస్తానని బజారుకు వెళ్లారు. చిన్ని నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. వెచ్చగా ఉంది, సాంబ్రాణి వాసన హాయిగా ఉంది. నాకూ కునుకు పట్టింది.

ఆ తర్వాత నాకు తెలిసింది, తలుపు అవతల బకెట్ మోగుతోందని. "నల్లా వచ్చింది, చెల్లె! లెవ్వు! లెవ్వమంటే లెవ్వవేంది?" నాచారంలోనే ఉన్నాననుకున్నాను. విసుక్కున్నాను కూడా. తల బండలా ఉంది, కాళ్లు నా మాట వినడం లేదు. అయినా అలవాటుపడ్డ ఒళ్లు కదా, లేచింది. గోడ పట్టుకుని వెళ్లి గడియ తీశాను. శాలువా అడ్డుపడితే కాలితో నెట్టాను. చలిగాలి ముఖానికి తగిలింది. వరండాలో కుప్పకూలిపోయాను.

బిడ్డ లోపలే ఉంది. అరుద్దామంటే నోరు పెగల్లేదు.

దీవాన్ సింగ్ అప్పటికే పరుగెత్తుకొస్తున్నాడు. నన్ను దాటి లోపలికి వెళ్లి చిన్నిని ఎత్తుకొచ్చాడు. పిల్ల తోటకూర కాడలా వేలాడుతోంది. భుజాన వేసుకుని వీపు రాస్తూ, వాళ్ల కొండ దేవతలందరినీ పేరు పేరునా పిలిచాడు. నేను నేల మీద పడి చూస్తున్నాను. అంత భయం నా జన్మలో ఎరగను. కాసేపటికి చిన్ని దగ్గి, వాంతి చేసుకుని, గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు విని అంత సంతోషపడ్డ తల్లిని నేనే అయ్యుంటాను.

బజారు నుంచి వచ్చిన మావారు మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువని, ఇంకాసేపు ఆగితే దక్కేవాళ్లు కాదని డాక్టరు మందలించాడు. సాయంత్రం దీవాన్ సింగ్ ఫ్లాస్కులో టీ తెచ్చి, మొహమాటంగా అడిగాడు. "వో దూస్‌రీ ఔరత్ కౌన్ థీ, బీబీజీ?"

ఆ రెండో ఆడమనిషి ఎవరని. ఎవరో వరండాలో ఖంగుఖంగుమని బకెట్ కొడుతూ అరిచిందట. భాష తెలియలేదు గానీ ఆ అరుపుకు గుండె ఆగినంత పనై, పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చాడట. వచ్చి చూస్తే నేను తప్ప ఎవరూ లేరు. మా గదిలో ఉన్న బకెట్టేమో ప్లాస్టిక్‌ది.

మావారు సైన్సు మనిషి. ఆ వాయువు తలకెక్కితే లేనివి వినిపిస్తాయి, బాగా అలవాటైన గొంతే వినిపిస్తుంది అన్నారు. ఒప్పుకున్నాను. మరి దీవాన్ సింగ్‌కు ఎలా వినిపించిందంటే, నేనే ఆ మత్తులో అరిచి ఉంటానన్నారు. అదీ ఒప్పుకున్నాను. పిల్ల దక్కింది, ఇంక వాదనెందుకు?

ఇల్లు చేరి ఆటోలోంచి సామాన్లు దించుతుంటే పక్కింటి సరళ నవ్వుకుంటూ వచ్చింది.

"మీరు లేనప్పుడు యాదమ్మక్కకు పిచ్చి లేసింది వదినా! చిన్ని పుట్టినరోజు నాడు, పట్టపగలు, నల్లా రాని రోజు, మీ తాళం ముంగట నిలవడి ఒక్కతీర్గ బకెట్ కొట్టుడే కొట్టుడు! గల్లీ అంత జమైంది."

మావారు సూట్‌కేసు కింద పెట్టి నా వైపు చూశారు. అప్పటికి మేం కొండ మీద జరిగింది ఎవరికీ, ఫోన్లో కూడా, చెప్పలేదు.

యాదమ్మక్క సిగ్గుపడుతూ బయటికొచ్చింది. మెట్ల దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ మెట్టు మీద కూర్చుండిపోయింది. చిన్నిని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"నాకేం ఎర్క చెల్లె. నైట్ డ్యూటీ చేసొచ్చి జర ఒరిగిన. నిద్రల నల్లా గుర్రుమన్నది. లేసిన, బకెట్ వట్టుకొని మీదికొచ్చిన. తాళం కండ్లకు కనవడుతనే ఉన్నది. గని చెయ్యి ఆగుతలేదు. ఆపితే ఏమైతదో అని మస్తు భయమైంది."

"మరి ఎప్పుడు ఆపావక్కా?"

మళ్లీ నవ్వుతారేమోనని సరళ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీ ఇంట్లకెల్లి పిల్ల ఏడ్సినట్టు ఇనవడ్డది. అప్పుడు ఆపిన."

సరళ నవ్వలేదు. మావారు సైన్సు చెప్పలేదు. నేను ఏడుస్తూ కాళ్లు పట్టుకోబోతే, "ఏందిది, లెవ్వు! పిల్ల మంచిగున్నది, గంతే సాలు" అని యాదమ్మక్క నన్ను కసిరింది.

చిన్ని ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. తాళం వేసిన మా ఇంట్లో ఆ రోజు దాని ఏడుపు ఎలా వినిపించిందో నన్ను అడిగితే చెప్పలేను. ఎన్నోసార్లు ఆలోచించాను, నాకు అంతు చిక్కలేదు. నలుగురూ చూసి నవ్వుతున్నా ఆమె చెయ్యి ఆపలేదు, నా బిడ్డ ఏడ్చేదాకా ఆపలేదు. నాకు తెలిసింది అదొక్కటే.