కూత ఆపని పాట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఊపిరి ఆపగలిగినవాడెవడైనా పాడగలడని. ఇంత తెలివితక్కువ నమ్మకాన్ని నాకెవరూ నేర్పలేదు, స్వయంకృషి. అప్పట్లో కడపలో ఒక సీడీల అంగట్లో పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ప్రాసలు అల్లేవాణ్ణి. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, ఒక కంపెనీ జట్టుకు కబడ్డీ ఆడేవాడు. కూతకు జీతం అన్నమాట. ఆయనకు ఉన్నట్టుండి హిప్ హాప్ ఆల్బమ్ తీయాలని బుద్ధి పుట్టింది. "కబడ్డీ కూత కంటే అదేమన్నా కష్టమా? నువ్వు రాయి, నేను కూస్తా" అన్నాడు. రాశాను. బావ ఊపిరి మీద గౌరవం కొద్దీ కామా అన్నది లేకుండా రాశాను.

నా గుబులు వేరు. ఆ బావ చెల్లెలంటే నాకు ప్రాణం. ఆ సంగతి తెలిసిన మామ ముందే చెప్పేశాడు: "పాట రాసేది నువ్వంట గదా అల్లుడా. పదిమందిలో మా పరువు నిలబడితే పిల్ల సంగతి మాట్లాడుకుందాం. ల్యాకుంటే ల్యా."

మైదుకూరు టోర్నమెంటులో, ఫైనల్ ఆటకు ముందు, కోర్టు మధ్యలోనే ఆల్బమ్ విడుదల పెట్టారు. (పాట కోర్టులో పెట్టడం ఎవరి ఆలోచనో అడగకండి. నాదే.) నేను ఆంప్లిఫయర్ పక్కన నిలబడ్డాను. బావ నడిగీతకు అవతల మైకు పట్టుకుని అందుకున్నాడు: "కడప గడప దాటినా, గిరిలో గీత దాటినా, పట్టినా పట్టుబడను, కూత ఆపి నిలబడను..." జనం ఈలలు వేస్తున్నారు. నా పెళ్లి సగం అయిపోయినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడు మామ, కొడుకు మీద మురిపెం పట్టలేక, శాలువా పట్టుకుని వెనక నుంచి వచ్చి భుజాల మీద చేతులు వేశాడు. కూతలో ఉన్న ఆటగాణ్ణి వెనక నుంచి పట్టుకుంటే ఏమవుతుందో కబడ్డీ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బావ పాట ఆపలేదు. మామను శాలువాతో సహా ఈడ్చుకుంటూ పోయి నడిగీత తాకాడు. రెఫరీ అలవాటు చొప్పున ఈల వేసి ఒక పాయింటు ఇచ్చాడు.

మామ లేచి పంచె దులుపుకుని, కొడుకును వదిలేసి నా దగ్గరికొచ్చాడు. "ఊపిరి తీసుకునే తావు ల్యాకుండా రాసినావు గదప్పా. నడాన ఒక్క రవ్వంత ఆగింటే వాడు నన్ను గుర్తుపట్టేటోడు." బావ పక్కనే నిలబడి, "నేనూ అదే చెప్పినా నాయనా, వీడే ఇన్లా" అన్నాడు. ఎప్పుడు చెప్పాడో ఆయనకే తెలియాలి.

ఆ ఒక్క మాటతో నా పెళ్లి గీత అవతలే ఉండిపోయింది. మామ కోపం చల్లారి, ముహూర్తం దొరికేసరికి నా జుట్టు సగం దొరకలేదు.

పెళ్లిరోజు హోమం దగ్గర చెల్లెలి దోసిట్లో పేలాలు పొయ్యడానికి బావ పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నాడు. నేను బ్యాండువాళ్లకు ముందే చెప్పి ఉంచాను. ఆ పాట మొదలైంది. బావ పేలాల పళ్లెం కింద పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, పురోహితుడి ముందు మొత్తం కూసేశాడు. మామ ఎందుకైనా మంచిదని స్తంభం వెనక్కి జరిగాడు. నేను గెలుపు గర్వంతో గొంతు కలిపాను గానీ, రెండో పంక్తికే నాకు ఆయాసం వచ్చింది.

"ఊపిరి తీసుకో బావా" అంది నా పక్క నుంచి పెళ్లికూతురు. "ఇంగా హోమం చుట్టూ మూడు చుట్లు ఉండాయి."