తారీఖుల అల్లుడు

అన్నం చల్లారినా అల్లుడికి పట్టదు, చొక్కా తిరగేసి తొడుక్కున్నా పట్టదు. కంప్యూటర్లో ఏ ఫైలుకైనా పుట్టిన తేదీ తప్పుగా కనిపించిందా, ఇక ఆ మనిషికి ముద్ద దిగదు.

"దానికేమైనా పెళ్ళి సంబంధం చూస్తున్నావా బాబూ, పుట్టిన తేదీ కోసం అంత ఆరాటం?" అనేవారు అత్తగారు.

"ఈ ఫోటో మొన్న పుట్టిందంటోంది అత్తయ్యా! ఇందులో మీ అమ్మాయికింకా పాలపళ్ళే!"

ఆలస్యమైన రిపోర్టుకు పాత తేదీ వేసిపెట్టమని ఆఫీసులో మేనేజరు బతిమాలాడట. "తప్పిన తేదీని సరిచేస్తాను సార్, తప్పుడు తేదీ వెయ్యను" అన్నాడట ఈ మహానుభావుడు. దాంతో ప్రమోషను అటకెక్కింది. కూతురు తల బాదుకుంది. అత్తగారు మాత్రం ఆ పూట అల్లుడికి నెయ్యి రెండో గరిటె వేశారు, కారణం చెప్పకుండా.

ఇంతలో మామగారి పాత కంప్యూటరు కన్నుమూసింది. ఫోటోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించారు. అన్నిటికీ ఎక్కించిన రోజు తేదీయే పడింది. మామగారికి అప్పటికే మరపు మొదలైంది. రోజూ ఫోటోలు వరసగా చూసుకుంటూ తన కథ తనే చెప్పుకోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన ఆధారం. ఇప్పుడు చూస్తే మనవరాలి వెనక ఆయన తల్లి, ఆ వెనక ఎవరిదో సీమంతం, అంతా కలగాపులగం.

"ఇది మనిల్లు కాదు" అని లేచి కిటికీ దగ్గర కూర్చున్నారాయన. ఆ తర్వాత మాటే తగ్గిపోయింది.

తేదీలు సరిచెయ్యడానికి అల్లుడు స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకిచ్చే ఆజ్ఞల చిట్టాలు, రాయడం మొదలుపెట్టాడు. ఇంట్లో యంత్రాలు మూడు, మూడింటికీ మూడు బుద్ధులు. కూతురిది ఒక్క ఆజ్ఞకే తలూపుతుంది. అల్లుడిదానికి విడిగా ఓ పనిముట్టు కావాలి. మామగారి కొత్తదైతే మరీ మొండిది. పుట్టిన తేదీ మీద చెయ్యే వెయ్యనివ్వదు. అప్పుడతను ఏం చేశాడనుకున్నారు? యంత్రం గడియారాన్నే ఏళ్ళ వెనక్కి తిప్పి, ఆ కాలంలో నిలబెట్టి, ఫోటోను మళ్ళీ కాపీ చేయించాడు. అంటే పుట్టాల్సిన రోజునే అది మళ్ళీ పుట్టిందన్నమాట! ఏ ఫోటో ఎప్పటిదో అత్తగారు చెబుతూంటే, స్క్రిప్టు గడియారం తిప్పుతూ పోయింది.

"కాలాన్ని వెనక్కి తిప్పేస్తున్నావా నాయనా?"

"యంత్రానికి మాత్రమే అత్తయ్యా."

"నా మోకాళ్ళకు కూడా ఓ స్క్రిప్టు రాయకూడదూ?"

మామగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ఒక్కో ఫోటో దాటుతూంటే ఆయన నడుం నిటారైంది. వానాకాలం ఫోటోల దగ్గర ఠక్కున ఆగారు.

"అదిగో, మన పెళ్ళి! ఎంత వానో ఆ రోజు!"

అత్తగారు భగ్గుమన్నారు. పెళ్ళి జరిగింది మండుటెండల్లో. కాపురమంతా ఆ మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నదే ఈ ముక్క మీద.

"ఏమయ్యా, ఎండాకాలమని నీకు చెప్పానా లేదా?" గొంతు తగ్గించి అల్లుణ్ణి నిలదీశారు.

"చెప్పారు." అతను దొంగలా తల వంచుకున్నాడు. "కానీ మామయ్యగారు ఎప్పుడూ వానల్లోనే వెతుక్కుంటారు అత్తయ్యా. అక్కడ దొరక్కపోతే మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళిపోతారు."

మేనేజరుకు లొంగని మనిషి! మామగారి కోసం తప్పుడు తేదీ వేశాడు. అదే ఒక వింత.

"ఏమేవ్, నువ్వు బాగా తడిశావు కదూ?" అన్నారు మామగారు, కళ్ళు వెలిగిపోతూ.

ఆవిడ అల్లుడివైపు ఒకసారి, ఆయనవైపు ఒకసారి చూశారు.

"తడవకేం చేస్తాను? గొడుగు మరిచిపోయింది తమరేగా!"